కొహిమాలో ఒక టెన్నిస్ కోర్టు

నాగాలాండ్ రాజధాని కొహిమా చేరిన మరునాటి ఉదయం, ఊరి నడిబొడ్డున ట్రాఫిక్ కూడలిలో నిలబడి, రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో, ఇక్కడ జరిగిన పోరు పటం నకలు ఒకటి చేతిలో పట్టుకొని, ఎదురుగా ఉన్న కొండను దానితో పోల్చుకోవడానికి దాదాపు అరగంట అవస్థ పడ్డాను. పటంలో ఏడెనిమిది గుట్టలున్నాయి, ఒక్కొక్కదానికీ ఒక పేరుంది, వాటి నడుమ మెలికలు తిరుగుతూ పోయే రోడ్డు ఒక్కటే ఉంది. కళ్లెదుట మాత్రం ఒకదాని భుజాల మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టుగా నాలుగైదు అంతస్తుల ఇళ్లు, రేకుల కప్పులు, నీళ్ల ట్యాంకులు, వేలాడే కరెంటు తీగలు, హారన్లు మోగించే టాక్సీలు ఉన్నాయి. ఏ గుట్ట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అంతుపట్టలేదు. విజిల్ ఊదుతున్న ట్రాఫిక్ పోలీసు నా వాలకం చూసి, నేను అడగకుండానే, నా వెనక వైపుకు చెయ్యి చూపించాడు. తిరిగి చూస్తే, రోడ్డును ఆనుకొని, మెట్లుమెట్లుగా పైకి పోయే పచ్చటి తోట. అప్పటిదాకా నేను దానికే వీపు పెట్టి నిలబడి ఉన్నాను.

యుద్ధభూమి అనగానే మనకు మైదానమే మనసులో మెదులుతుంది. కురుక్షేత్రమైనా, పానిపట్టు అయినా, పల్నాటి వీరుల కారెంపూడి అయినా, రెండు సేనలు ఎదురెదురుగా బారులు తీరడానికి చాలినంత నేల, పైన గద్దలు తిరగడానికి చాలినంత ఆకాశం ఉన్నట్టే ఊహించుకుంటాం. నేనూ అలాంటిదే చూడబోతున్నానన్న భ్రమలోనే అంత దూరం వెళ్లాను. సముద్రమట్టానికి దాదాపు 1,440 మీటర్ల ఎత్తున, పక్కనే బస్సులు బ్రేకులు వేసే చప్పుడు వినిపిస్తూ ఉండే ఒక కొండ చరియ మీద, మనిషికి మనిషి ఆనుకొని నిలబడినా ఒక పటాలం పట్టనంత చోట, రెండు సైన్యాలు వారాల తరబడి కొట్లాడుకున్నాయన్న మాట కళ్లతో చూసేదాకా నాకు అర్థం కాలేదు. చూశాక కూడా పూర్తిగా అర్థమైందని చెప్పలేను.

ఆ కొండ కోసం అంత పోరు ఎందుకు జరిగిందో మాత్రం ముందురోజు ప్రయాణమే నాకు చెప్పింది. దిమాపూర్ నుంచి కొహిమాకు 74 కిలోమీటర్లు. నాగాలాండ్‌లోకి వెళ్లడానికి కావలసిన ఇన్నర్ లైన్ పర్మిట్ తీసుకొని, పదిమందితో కలిసి ఒక సుమోలో వెనక సీటులో ఇరుక్కుని బయల్దేరాను. మొదట కాస్త దూరం చదునుగా సాగిన దారి, ఆ తర్వాత కొండల్లోకి ఎక్కింది. ఇక ఎడమ పక్క ఎర్రమట్టి గోడ, కుడి పక్క లోయ తప్ప మూడో పక్క అంటూ లేదు. బండి ఒకచోట ఆగిపోతే వెనక వచ్చే బళ్లన్నీ ఆగిపోవలసిందే, పక్కకు తప్పుకునే చోటు ఉండదు. మట్టి జారిన ఒక మలుపు దగ్గర మేమూ గంటన్నర అలాగే ఆగిపోయాం. అప్పుడు విసుక్కున్నాను గాని, యుద్ధం గురించి ఏ పుస్తకమూ చెప్పని సంగతి ఆ గంటన్నరలో బుర్రకెక్కింది. 1944లో ఇంఫాల్‌లో ఉన్న బ్రిటిష్ ఇండియా సేనకు తిండి గింజ, తుపాకీ గుండు, పెట్రోలు చుక్క, సమస్తమూ దిమాపూర్ రైల్వే స్టేషన్‌లో దిగి ఈ ఒక్క రోడ్డు మీదుగానే వెళ్లాలి. ఆ రోడ్డు ఎత్తయిన కనుమను దాటే చోటు కొహిమా. ఆ గొంతు నులిమితే ఇంఫాల్‌కు ఊపిరి ఆడదు.

ఆ గొంతు నులమడానికే జపాన్ 15వ సైన్యానికి అధిపతి అయిన ముతగుచి తన 31వ డివిజన్‌ను పంపించాడు. కొతోకు సాతో నాయకత్వంలో దాదాపు 15,000 మంది, 1944 మార్చి నడిమిలో బర్మాలోని చింద్విన్ నది దాటి, మూడు వారాలకు సరిపడే తిండి మాత్రమే మోసుకొని, దారిలో కోసుకు తినడానికి పశువులను తోలుకొని, అడవి కొండల మీదుగా నడిచి వచ్చారు. పశువుల్లో చాలావరకు దారిలోనే చచ్చిపోయాయి. ఆ కొండల్లో ఒక రెజిమెంటుకు మించిన బలగం దాటి రాలేదని బ్రిటిష్ 14వ సైన్యానికి అధిపతి అయిన విలియం స్లిమ్ అంచనా వేశాడు. వచ్చింది ఏకంగా డివిజన్. అయితే సాతో చేసిన పొరపాటు ఇంకా పెద్దది. రక్షణ అంతంత మాత్రంగా ఉన్న దిమాపూర్‌ను, అక్కడ మైళ్ల పొడవున పేర్చి ఉన్న సరుకు గుట్టలను వదిలేసి, తనకిచ్చిన ఆజ్ఞ ప్రకారం కొహిమా గుట్ట చుట్టూనే ఉండిపోయాడు. ఆ పొరపాటే తమను కాపాడిందని స్లిమ్ తర్వాత ఒప్పుకున్నాడు కూడా. ఆజ్ఞను అక్షరాలా పాటించినవాడు అక్కడ ఓడిపోయాడు. చివరికి ఆకలికి తాళలేక ఆజ్ఞను ధిక్కరించి వెనక్కి నడిపించినవాడూ ఆ సాతోనే.

పటంలోని గుట్టల పేర్ల గురించి ఒక మాట చెప్పాలి. గారిసన్ హిల్, జైలు హిల్, ట్రెజరీ హిల్ అన్నవి సరే. మిగిలినవి ఎఫ్‌ఎస్‌డీ, డీఐఎస్, జీపీటీ. ఎఫ్‌ఎస్‌డీ అంటే సరఫరా డిపో ఉన్న గుట్ట, డీఐఎస్ అంటే రోజువారీ సరుకులు పంచే స్టోరు ఉన్న గుట్ట, జీపీటీ అంటే రవాణా బళ్లు నిలిపే మిట్ట. డీఐఎస్ గుట్ట మీద సైనికులకు రొట్టెలు కాల్చే బేకరీ కూడా ఉండేది. అంటే, శత్రువు వచ్చి మీద పడేదాకా ఇది కోట కాదు, గోదాముల వరుస. ముట్టడిలో చిక్కుకున్న 2,500 మందిలో వెయ్యి మంది దాకా యుద్ధం చేసే వృత్తిలో లేనివాళ్లే. గుమాస్తాలు, వంటవాళ్లు, జ్వరం తగ్గి కోలుకుంటున్న రోగులు. గుట్టలకు వీరుల పేర్లో దేవుళ్ల పేర్లో కాక గోదాముల పేర్లుండటం నాకు మొదట నవ్వు తెప్పించింది. ఆ పచ్చటి తోటలోకి వెళ్లి, అక్కడున్న సైనికుల సమాధుల మీద సర్వీస్ కోర్ అనీ, మెడికల్ కోర్ అనీ చదువుతూ నడిచాక నవ్వు రాలేదు.

ముట్టడి 1944 ఏప్రిల్ 4న మొదలైంది. కర్నల్ హ్యూ రిచర్డ్స్ కోటకు అధిపతి, కోట అనదగినది అక్కడేమీ లేకపోయినా. అంతకు ముందే తూర్పున జెస్సామి, ఖరసోమ్‌ల దగ్గర అస్సాం రెజిమెంటు కుర్రాళ్లు, తమకన్నా ఎన్నో రెట్లు ఎక్కువైన సేనను కొన్ని రోజులపాటు నిలబెట్టి, చివరకు బతికినవాళ్లు అడవి దారుల్లో నడిచి ఇక్కడికి చేరి, మళ్లీ కందకాల్లో దిగారు. ఏప్రిల్ 5న రాయల్ వెస్ట్ కెంట్ నాలుగో బెటాలియన్, నాలుగు వందల పైచిలుకు మంది, లారీలు దిగుతూనే కాల్పుల్లో చిక్కుకొని లోపలికి వచ్చింది. వాళ్ల వెనక రావలసిన 161వ ఇండియన్ బ్రిగేడ్ మిగతా భాగం మూడు కిలోమీటర్ల అవతల జోత్సోమాలో ఆగిపోయి అక్కడే చుట్టుముట్టబడింది. ఆ బ్రిగేడ్ ఫిరంగులు అక్కడినుంచే, తమవాళ్ల కందకాలకు కొద్ది గజాల ముందు గుండ్లు పడేలా, పగలూ రాత్రీ పేల్చాయి. కొండ మీద ఉన్నవాళ్లకు నీళ్ల సరఫరా మొదట్లోనే తెగిపోయింది. కొన్నాళ్లకు మనిషి గ్లాసుడు నీళ్లతో రోజు గడపవలసి వచ్చింది. విమానాలు గొడుగులు కట్టి జారవిడిచిన నీళ్లు, మందులు, మోర్టారు గుండ్లలో కొన్ని గాలికి కొట్టుకుపోయి అవతలి పక్షం చేతికి చిక్కాయి. వాటితో వాళ్లు వీళ్లనే కొట్టారు.

తోట గేటు దాటి, చెప్పుల కింద తడి గడ్డి జారుతుండగా, మెట్లు ఎక్కుతూ పోతే, మూడో నాలుగో చదును మీద, గడ్డిలో తెల్లటి కాంక్రీటు గీతలు కనిపిస్తాయి. అదే టెన్నిస్ కోర్టు. నాగా హిల్స్ డిప్యూటీ కమిషనర్ చార్లెస్ పాసీ బంగ్లా ఆ కింది చదును మీద ఉండేది. క్లబ్బు భవనం పై చదును మీద. నడుమ ఈ కోర్టు. సాయంత్రాలు దొరలు బంతి ఆడుకునే చోటు. బంగ్లా ఇప్పుడు లేదు, క్లబ్బు లేదు. కోర్టు ఎక్కడుండేదో చెప్పే గీతలు మాత్రం ఉన్నాయి.

నేను చెప్పులు విడిచి ఆ గీత వెంబడి నడిచాను. ఎందుకు విడిచానో తెలియదు. గీతకు అటూ ఇటూ సమాధులుండటం వల్ల కాబోలు. టెన్నిస్ కోర్టు పొడవు ఎక్కడైనా 24 మీటర్లకు కాస్త తక్కువ, వెడల్పు 11 మీటర్లకు కాస్త తక్కువ. నా అడుగుల్లో పొడవు ముప్పై రెండు. వెడల్పు పదిహేను. ఒక కొస నుంచి ఇంకో కొసకు మామూలు గొంతుతో మాట్లాడితే వినిపిస్తుంది. దగ్గితే వినిపిస్తుంది. దిగువ బంగ్లా వైపు జపాన్ వాళ్లు, ఎగువ క్లబ్బు వైపు వీళ్లు కందకాలు తవ్వుకొని, కోర్టు మీదుగా అటువాళ్లు ఇటూ ఇటువాళ్లు అటూ గ్రెనేడ్లు విసురుకున్నారు. చీకటి పడ్డాక జపాన్ వాళ్లు అలలు అలలుగా కోర్టు దాటి వచ్చేవారు, తెల్లవారేసరికి ఆ అల అక్కడే పడి ఉండేది. శవాలను తీసే వీలు లేదు. గాయపడినవాళ్లను కిందికి దించే దారి లేదు, కాబట్టి కొండ మీదే తెరిచిన కందకాల్లో పడుకోబెట్టారు. అలా పడుకున్నవాళ్లలో కొందరికి మళ్లీ గుండ్లు తగిలాయి, కొందరు అలాగే పోయారు. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు. ఏప్రిల్ 20న కొత్త దళం వచ్చి ఆ కందకాల్లోని వాళ్లను విడిపించేదాకా రెండు వారాల పైన.

విడుదలతో యుద్ధం ముగిసిందనుకున్నాను, ముగియలేదు. లోపల మనుషులు మారారు గాని కోర్టుకు అవతలి పక్క బంకర్లు అలాగే ఉన్నాయి. బ్రిటిష్ రెండో డివిజన్‌కు చెందిన డార్సెట్‌షైర్ రెజిమెంటు మళ్లీ వారాల తరబడి అక్కడే, అదే ముప్పై రెండు అడుగుల దూరం కోసం కొట్లాడింది. చివరికి మే 13న, నిటారుగా ఉన్న వాలు మీదుగా ఒక లీ ట్యాంకును ఎలాగో కిందికి దించి, సరిగ్గా టెన్నిస్ కోర్టు మీద నిలబెట్టి, బంకర్ల నోళ్లలోకి గురిపెట్టి కాల్చారు. ఏ వాలు మీద దించారోనని వెతికి చూశాను. మనిషి మోకాళ్లు పట్టుకొని దిగే వాలు అది. ఈ ఒక్క సంగతి నాకు ఏ సేనాపతి వ్యూహం కన్నా ఎక్కువ చెప్పింది. ఒక సామ్రాజ్యం, ఇంకో సామ్రాజ్యం, విమానాలు, డివిజన్లు, సముద్రాలు దాటి వచ్చిన లక్షల టన్నుల ఇనుము. తీరా అంతా కలిసి ఒక ఆటస్థలం అవతలి గీత దాటలేక నెల రోజుల పైన ఆగిపోయింది.

కోర్టు అంచున ఒక చెర్రీ చెట్టు ఉంది. దాని దగ్గరున్న ఇత్తడి పలక మీద, అసలు చెట్టును జపాన్ గురికాడొకడు మాటుగా వాడుకున్నాడనీ, పోరులో ఆ చెట్టు ధ్వంసమైందనీ, భారతదేశంలోకి జపాన్ చొచ్చుకు వచ్చిన హద్దు ఇక్కడేననీ రాసి ఉంది. ఇప్పుడున్నది పాత మొదలు నుంచి చిగిర్చిన చెట్టు. పలకను రెండుసార్లు చదివి, ఎండ మెరుపు పడకుండా పక్కకు జరిగి ఫొటో తీసుకొని, ముందుకు కదిలాను.

సమాధులకు శిలువలు లేవు, నిలువు రాళ్లు లేవు. మోకాలి కన్నా తక్కువ ఎత్తులో, వాలుగా చెక్కిన చిన్న దిమ్మెలు. ఒక్కో దిమ్మె మీద ఒక కంచు పలక. పలక మీద నంబరు, హోదా, పేరు, పటాలం, తేదీ, వయసు, కింద కుటుంబం పంపిన రెండు మాటలు. నిలబడి చదవలేం, నడుం వంచాలి. నాలుగు వరుసలు చదివేసరికి నడుం నొప్పి పుట్టింది, కాని ఆ వంగడం మంచిదే అనిపించింది. ఒకచోట తోటమాలి బక్కెట్టు, చిన్న బ్రష్షు పెట్టుకొని పలకల అక్షరాల గుంటల్లో చేరిన నాచును ఒక్కో అక్షరం చొప్పున తీస్తున్నాడు. పేరులో మొదటి అక్షరం శుభ్రం చేసి, నీళ్లు చల్లి, తుడిచి, రెండో అక్షరానికి వెళ్తున్నాడు. ఆ పేరు పూర్తయ్యేదాకా నిలబడ్డాను. ఇరవై రెండేళ్లవాడు. ఆ వరుసలో అందరూ దాదాపు ఆ ఈడువాళ్లే. కొన్ని పలకల మీద పేరే లేదు. ఫలానా యుద్ధపు సైనికుడు, దేవుడొక్కడికే తెలిసినవాడు అని ఉంది. వాటినీ అదే బ్రష్షుతో తోముతున్నాడు.

ఈ తోటలో 1,420 మంది కామన్వెల్త్ సైనికుల సమాధులున్నాయి. బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ పొందిన ఇద్దరు కూడా ఇక్కడే ఉన్నారు. అందులో లాన్స్ కార్పొరల్ జాన్ హార్మన్ తండ్రికి ఇంగ్లండ్ తీరాన లండీ అనే ఒక ద్వీపం సొంతం. తన ద్వీపానికి వేరే నాణేలు కూడా ముద్రించుకున్న మనిషి. ద్వీపానికి వారసుడైన కొడుకు వచ్చి బేకరీ గుట్ట మీద, రొట్టెల పొయ్యిల నడుమ దాక్కున్న శత్రువుల మీదికి ఒంటరిగా వెళ్లి, ఆ మరునాడు, ఏప్రిల్ 9న, ప్రాణం వదిలాడు. రెండోవాడు రాయల్ నార్‌ఫోక్ రెజిమెంటు కెప్టెన్ జాన్ రాండల్. మే 6న బంకరు కంతకు తన ఒంటినే అడ్డం వేసి మూసినవాడు, ఇరవై ఆరేళ్లు. ఇద్దరి పలకలూ మిగతా అన్ని పలకల కొలతలోనే ఉన్నాయి. వెతికితే తప్ప దొరకవు. జనరలుకూ వంటవాడికీ ఒకే కొలత రాయి వేయాలన్న నియమం ఈ తోటను చూసుకునే సమాధుల సంస్థ పెట్టుకున్నది. బతికున్నప్పుడు సిపాయికీ దొరకూ జీతంలో, తిండిలో, బోగీలో ఉన్న తేడాలన్నీ ఇక్కడికొచ్చి మాయమయ్యాయి. ఆలస్యంగానైనా, అని మనసులో అనుకోకుండా ఉండలేకపోయాను.

అన్నిటికన్నా పైన, కొండ కొసన, దహన స్మారకం ఉంది. హిందూ, సిక్కు సైనికులను వారి ఆచారం ప్రకారం దహనం చేశారు గనక వాళ్లకు దిమ్మెలు లేవు, పేర్లు మాత్రమే ఉన్నాయి: 917. పలకల ముందు నిలబడి పై నుంచి కిందికి చదువుతూ పోయాను. సింగులు, రాములు, థాపాలు, గురుంగులు. కింద తోటలో నడుస్తున్నంతసేపూ ఇది ఎవరో పరాయివాళ్ల యుద్ధమన్న భావం ఒక మూల ఉండిపోయింది. ఇక్కడికి వచ్చాక అది నిలవలేదు. అలాగని మన యుద్ధం అనడానికీ నోరు రాలేదు. ఎందుకంటే జపాన్ సేన వెంట ఆ దండయాత్రలో నడిచినవాళ్లలో ఆజాద్ హింద్ ఫౌజ్ దళాలూ ఉన్నాయి. ఇదే ఏప్రిల్‌లో, 14వ తేదీన, ఇక్కడికి దక్షిణాన మొయిరాంగ్‌లో వాళ్లు తమ జెండా ఎగరేశారు. ఒకే ఊళ్లో పుట్టి, ఒకే పటాలంలో చేరి, సింగపూర్‌లో జపాన్‌కు చిక్కినవాడొకడు, చిక్కనివాడొకడు, ఈ కొండలకు చెరో పక్కనుంచి వచ్చి ఉండవచ్చు. స్మారకం మీద ఒక పక్షం వాళ్ల పేర్లే ఉండటంలో తప్పేమీ లేదు, అది ఆ సైన్యం కట్టుకున్నది. చదివేవాడికి మాత్రం రెండో జాబితా కూడా మనసులో ఉండాలి.

దిగివస్తుంటే గేటు దగ్గర రెండో డివిజన్ స్మారకం ముందు జనం ఫొటోలకు వరుస కట్టి ఉన్నారు. అది ఒక పెద్ద నిలువు బండ. నాగాలు తమ పెద్దల పేరిట నిలబెట్టే రాళ్లలాంటిదే. వాళ్లే లాక్కొచ్చి నిలబెట్టారు. దాని మీదే ఆ ప్రసిద్ధ వాక్యం ఉంది: మీరు ఇంటికి వెళ్లినప్పుడు మా సంగతి వాళ్లకు చెప్పండి, మీ రేపటి కోసం మేము మా నేటిని ఇచ్చేశామని చెప్పండి. ఆ మాటలు కొహిమాలో పుట్టినవి కావు, మొదటి ప్రపంచ యుద్ధపు రోజుల్లో ఒక ఆంగ్ల పండితుడు రాసినవాటి నుంచి తీసుకున్నవి. చదవగానే గొంతు పట్టేసే మాటలే, కాదనను. కాని పైన 917 పేర్లు చదివి వచ్చిన మనిషికి ఒక చిన్న ముల్లు గుచ్చుకుంటుంది. మీ రేపటి అంటే ఎవరి రేపటి? జాట్ ఇంటి నుంచో గఢ్వాల్ కొండ నుంచో వచ్చిన సిపాయి తన నేటిని ఇస్తున్నప్పుడు ఏ రేపటిని తలుచుకున్నాడు? మూడేళ్లలో రాబోయే స్వాతంత్ర్యాన్నా, నెలనెలా ఇంటికి చేరే మనియార్డరునా, పక్క కందకంలో ఉన్న స్నేహితుణ్ణా? ఈ చివరిదే ఎక్కువ నిజమని నా అనుమానం.

కొహిమాలో చనిపోయిన, గాయపడిన బ్రిటిష్, భారత సైనికులు దాదాపు 4,000. జపాన్ వైపు అంతకన్నా చాలా ఎక్కువ. తుపాకులకన్నా ఆకలీ మలేరియా అతిసారాలే వాళ్లను ఎక్కువగా తిన్నాయి. జూన్ 22న ఇంఫాల్ రోడ్డు మీద 109వ మైలురాయి దగ్గర రెండు వైపుల నుంచి వచ్చిన బ్రిటిష్, భారత దళాలు కలుసుకునేనాటికి, సాతో మనుషులు వానలో, బురదలో, చింద్విన్ వైపు కాళ్లీడ్చుకుంటూ పోతున్నారు. వాళ్లకు ఇక్కడ తోట లేదు. చాలా ఏళ్ల తర్వాత చనిపోయిన సైనికుల కుటుంబాలు కొందరు జపాన్ నుంచి వచ్చి, ఊరి పెద్ద చర్చి కట్టడానికి చందాలిచ్చారు. ఆ చర్చికీ వెళ్లాను. కొండ మీద నుంచి సమాధుల తోట కనిపిస్తుంది. లండన్‌లోని నేషనల్ ఆర్మీ మ్యూజియం 2013లో నిర్వహించిన ఎంపికలో వాటర్లూను కూడా దాటి ఇంఫాల్, కొహిమాలే బ్రిటన్ పోరాడిన అతి గొప్ప యుద్ధంగా గెలిచాయట. మన పాఠ్యపుస్తకాల్లో నేను దీని పేరు కూడా చదివిన గుర్తు లేదు.

ఎవరి నేల మీద ఇదంతా జరిగిందో వాళ్ల సంగతి నాకు తెలిసింది తోటలో కాదు, నేను దిగిన ఇంట్లో. ఊరికి ఎగువన పాత అంగామీ నాగా గ్రామం పక్కన ఒక కుటుంబం రెండు గదులు అతిథులకు ఇస్తుంది. ఆ రాత్రి వంటింటి పొయ్యి పక్కన కూర్చుంటే, ఇంటివాళ్ల అవ్వ, ఎనభై ఎనిమిదేళ్ల మనిషి, నా చేతిలో పటం చూసి మనవణ్ణి ఏదో అడిగింది. పటం తీసుకొని తలకిందులుగా పట్టుకొని చూసి, తిరిగి ఇచ్చేసింది. అప్పుడు తనకు ఎనిమిదేళ్లట. వాళ్లమ్మ బియ్యపు గంప వీపున కట్టుకొని, చెల్లెల్ని గంప మీద కూర్చోబెట్టి, ఈమె చెయ్యి పట్టుకొని, రాత్రికి రాత్రి అవతలి ఊరికి నడిపించిందట. మొదట జపాన్ వాళ్లు వచ్చి ధాన్యం, పందులు పట్టుకుపోయారు, తర్వాత వాళ్లను కొట్టడానికి విమానాలు వచ్చి ఊరినే కొట్టాయి. తిరిగి వచ్చేసరికి ఇల్లు లేదు, ముంగిట రాతి మెట్లు మూడు మాత్రం ఉన్నాయట. మనవడు అనువదిస్తూ, ఆ మెట్లు ఇప్పటికీ ఉన్నాయని పక్కకు చూపించాడు. మధ్యాహ్నం నుంచి నేను చెప్పులు విప్పి పెట్టుకుంటున్నది వాటి మీదే. ఆ రోజుల్లో నాగా ఊళ్లవాళ్లు గాయపడినవాళ్లను బుట్టల్లో మోసి కొండలు దాటించారు, శత్రువు ఎక్కడున్నాడో వార్తలు తెచ్చారు, దారి చూపించారు. ఆ సంగతి సేనాధిపతులూ మెచ్చుకున్నారు. మెచ్చుకోలు పుస్తకాల్లో ఉంది. ఇల్లు మాత్రం వాళ్లే కట్టుకున్నారు.

అవ్వ చివరగా మరొకటి అడిగింది. మనవడు నవ్వుతూ చెప్పాడు: "చెర్రీ పూసిందా అని అడుగుతోంది. కోర్టు దగ్గర చెట్టు. మోకాళ్లు నొప్పులని రెండేళ్లుగా అటు వెళ్లలేదు."

నేను సమాధానం చెప్పలేకపోయాను. పలక మీద రాసింది రెండుసార్లు చదివాను, పలకకు ఫొటో తీశాను, చెట్టు వైపు తలెత్తి చూడలేదు. ఫోన్ తీసి ఆ ఫొటోను పెద్దది చేసి చూశాను. ఇత్తడి పలక, గడ్డి, మూలన కాస్త కాండం. నవంబరు నెల నడిమి, ఆ కొండల్లో అడవి చెర్రీలు పూసే కాలమే. మరునాడు ఆరింటికే నా సుమో. బండి కూడలిలో ఆగినప్పుడు దిగి గేటు దాకా పరుగెత్తాను, ఇంకా తెరవలేదు. రోడ్డు మీద నుంచి ఆ చదును కనిపించదు, పైగా మంచు. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. దిమాపూర్ దారిలో సిగ్నల్ దొరికిన మొదటి చోట మనవడికి ఫోన్ చేసి, నేను చూడలేదని అవ్వకు చెప్పమన్నాను.